ముప్పై అడుగుల తాడు

“కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు చూద్దాం తియ్యి.” మా స్టేషన్ ఘన్‌పూర్‌లో ఈ మాట వినపడని ఇల్లు లేదు. వంటింట్లో పొగ పోయే దారి లేదు, కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు చూద్దాం. ముసలమ్మకు రాత్రిపూట బాత్రూం దూరమవుతోంది, కొత్త ఇల్లు కట్టుకున్నప్పుడు చూద్దాం. ఆ కొత్త ఇల్లు పదేళ్ళకు లేస్తుందో ఇరవై ఏళ్ళకు లేస్తుందో ఎవరికీ తెలియదు. ముసలమ్మ మాత్రం ఈ రాత్రికే లేచి నడవాలి.

మన గురించి మనం చెప్పుకునేటప్పుడూ ఇదే వరస. బిడ్డ పెళ్ళి కానియ్యి, అప్పుడు పొద్దున్నే లేచి నడుస్తా. రిటైరైనంక పుస్తకాలు చదువుకుంటా. వచ్చే ఉగాది నుంచి కోపం తగ్గించుకుంటా. బతుకంతా ఒకసారి ఖాళీ చేసి, పునాది నుంచి మళ్ళీ కట్టుకునే రోజు ఒకటి వస్తుందని నమ్ముతాం. ముప్పై ఏళ్ళుగా హైస్కూల్లో పాఠాలు చెబుతున్నవాణ్ణి. ఆ రోజు వచ్చినవాళ్ళను ఇంతవరకూ చూడలేదు.

ఉంటున్న ఇంటిని ఉంటూనే మార్చుకోవచ్చు. నడుస్తున్న బతుకును నడుస్తుండగానే బాగుచేసుకోవచ్చు. దానికొక తీరుంది. ఆ తీరు నాకు కెనడాలో మా తమ్ముడి ఇంట్లో తెలిసింది. నేలకింది గదిలో టార్చిలైటు పట్టుకుని, పైకప్పు వైపు మెడ ఎత్తి నిలబడి ఉన్నాను అప్పుడు.

ముందు మా ఊరి దుమ్ము గురించి చెప్పాలి. ములుగు దగ్గర కోటగుళ్ళున్న ఘన్‌పూర్ ఒకటుంది. సికింద్రాబాద్–కాజీపేట లైనులో రైలాగే ఘన్‌పూర్ మాది, అందుకే పేరు ముందు స్టేషన్ వచ్చి చేరింది. 2016లో జనగామ జిల్లాలో కలిశాం గానీ, బయటి ఊళ్ళో ఎవరైనా అడిగితే ఇప్పటికీ వరంగల్ అనే అంటాం. ఒక పక్క రైలు పట్టాలు, ఇంకో పక్క హైదరాబాద్–వరంగల్ రోడ్డు. బొగ్గు వ్యాగన్ల గూడ్సు పోతే ఒక పొర, లారీలు పోతే ఒక పొర, వరికోతల మిషన్లు దిగినప్పుడు మూడో పొర. మా అమ్మ తెల్లారక ముందే వాకిట్లో సాన్పి చల్లి ముగ్గేసి, పొరక పట్టుకుని ఇల్లంతా ఊడ్చేది. ఊడుస్తుంటే లేచిన దుబ్బ సెల్ఫులోని గిన్నెల మీద వాలేది. గుడ్డతో గిన్నెలు దులిపితే మళ్ళీ నేల మీదికి. “ఊడ్సిందే ఊడ్సుడు బిడ్డా” అనేది. ఆ దుమ్ము ఇల్లు దాటి పోయేదే కాదని, గది మాత్రమే మారేదని నాకు అర్థం కావడానికి యాభై ఏళ్ళు పట్టింది.

మా తమ్ముడు క్యాల్గరీలో ఉంటాడు. మొన్నటి ఎండాకాలం సెలవుల్లో వాడి దగ్గరికి వెళ్ళాను. వాడు కొన్నది కట్టి పాతికేళ్ళయిన ఇల్లు: కింద బేస్‌మెంట్, మధ్య అంతస్తు, పైన పడకగదులు, మెట్ల నిండా కార్పెట్టు. అక్కడ చలికాలం నెలల తరబడి కిటికీ తెరవరు. మా మరదలికి దుమ్ము పడదు. వ్యాక్యూమ్ క్లీనర్ ఉంది. కానీ అంత బరువున్న మిషన్ను మెట్లు ఎక్కించి దించడానికి నడుము సహకరించక నెలకోసారి బయటికి తీసేది. పైగా మామూలు మిషన్ పీల్చిన గాలిని అదే గదిలోకి వదులుతుంది. సంచిలో నిలవని సన్న దుమ్ము ఆ గాలితోపాటే మళ్ళీ బయటికి వస్తుంది. మిషన్ నడిపిన రోజు ఆమెకు తుమ్ములు ఇంకా ఎక్కువ.

దీనికి అక్కడివాళ్ళు వాడేది సెంట్రల్ వ్యాక్యూమ్. మోటారు, దుమ్ము పడే పెద్ద డబ్బా గ్యారేజీలోనో బేస్‌మెంట్‌లోనో గోడకు బిగించి ఉంటాయి. అక్కడి నుంచి 2 అంగుళాల ప్లాస్టిక్ పైపు గోడల లోపలి నుంచి అన్ని అంతస్తులకూ వెళుతుంది. అక్కడక్కడ గోడలో మూత ఉన్న నోరు ఉంటుంది, ఇన్‌లెట్ అంటారు. మూత తీసి పొడవాటి గొట్టం తగిలిస్తే ఎక్కడో కింద మోటారు తిరుగుతుంది. దుమ్ము పైపులో పడి డబ్బాలోకి పోతుంది, గాలి గోడ దాటి ఇంటి బయటికి పోతుంది. డబ్బా ఏడాదికి మూడు నాలుగుసార్లు దులుపుకుంటే చాలు. ఇల్లు కట్టేటప్పుడే ఈ పైపులు వేస్తే తేలిక. మా తమ్ముడి ఇంటికి వెయ్యలేదు. “గోడలన్నీ పగలగొట్టాల్నా?” అని మా మరదలు భయపడింది. ఒక్క గోడ కూడా పగలకుండా శని ఆదివారాలు రెండు వారాలు పనిచేసి పెట్టాం. కరెంటు లైను మాత్రం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వేశాడు, మిగతాదంతా అన్నదమ్ములిద్దరం చేశాం.

మొదటి శనివారం పొద్దున రంపమో డ్రిల్లింగు మిషనో తీస్తాడనుకున్నాను. వాడు తాడు తీశాడు. గొట్టం పొడవు 30 అడుగులు. సరిగ్గా అంతే తాడు కోసి, “అన్నా, నువ్వు ఈ కొస పట్టుకుని గీడ నిలబడు” అన్నాడు. మెట్ల పక్కన గోడకు కొస ఆనించి నేను నిలబడ్డాను. వాడు రెండో కొస పట్టుకుని మంచం వెనక్కి, బీరువా పక్కకి, కిటికీ పరదా పైదాకా వెళ్ళి వచ్చాడు. ఒక మూల నాలుగడుగులు అందలేదు. నన్ను పక్క గోడకు జరిపి మళ్ళీ తిరిగాడు. మామూలు లెక్కలో ఒక్కో ఇన్‌లెట్‌కు 600 నుంచి 800 చదరపు అడుగులు వస్తుందంటారు. కానీ తాడు సోఫా చుట్టూ తిరగాలి, తలుపు సందులో దూరాలి, మలుపు మలుపుకూ పొడవు తింటుంది. కాగితం మీద రెండు చాలనుకున్న ఇన్‌లెట్లు తాడు పట్టుకున్నాక మూడయ్యాయి. రంధ్రం ఒక్కటీ పెట్టకుండానే ఒక పూట గడిచింది. ఆ పనంతటిలో మాకు ఎక్కువ కలిసొచ్చిన పూట అదే.

మన తీర్మానాలు నిలవకపోవడానికి మొదటి కారణం ఈ తాడు పట్టకపోవడం. రేపటి నుంచి నాలుగున్నరకు లేస్తా అంటాం. రాత్రి పన్నెండింటికి పడుకునేవాడి తాడు నాలుగున్నరదాకా అందదు. రోజుకు రెండు గంటలు చదువుతా అంటాం. స్కూలు నుంచి వచ్చి, కూరగాయలు తెచ్చి, అమ్మకు మందులిచ్చి, పిల్లల లెక్కలు చూసేసరికి మిగిలేది నలభై నిమిషాలు. ఆ నలభై నిమిషాలూ మీవే. దాంట్లో పదిహేను పేజీలు హాయిగా సాగుతాయి. కాబట్టి తీర్మానం చేసే ముందు ఒక వారం ఏమీ మార్చకండి. రోజు ఎక్కడెక్కడ మలుపు తిరుగుతోందో, ఎక్కడ పొడవు తింటోందో ఒక చిన్న నోట్‌బుక్కులో రాసుకోండి. ఉన్న తాడు పొడవు తెలిస్తే సగం పని అయినట్టే.

ఇక రంధ్రం సంగతి. అక్కడి ఇళ్ళు ఎక్కువగా చెక్క చట్రం మీద జిప్సం బోర్డు కొట్టి కట్టినవి. గోడ లోపల బోలుగా ఉంటుంది. ఆ బోలులో పైపు దించవచ్చు. కానీ లోపల ఎక్కడ అడ్డదూలం ఉందో, ఎక్కడ వేడిగాలి గొట్టం పోతోందో పైకి కనపడదు. పాతవాళ్ళ పద్ధతి ఏమిటంటే, పెద్ద రంధ్రం పెట్టబోయే చోట ముందు సన్న రంధ్రం ఒకటి చేసి, బట్టలు తగిలించే ఇనప హ్యాంగర్ను తిన్నగా సాగదీసి ఆ తీగను లోపలికి దించుతారు. కింద బేస్‌మెంట్‌లో తీగ కొస ఎక్కడ తేలిందో చూసుకుంటే, పైపు వచ్చే చోటు దొరుకుతుంది. తేలకపోతే పెన్సిల్ అంత రంధ్రమే కదా, కాస్త లప్పం పెడితే మూసుకుపోతుంది.

మా తమ్ముడికి ఈ సంగతి తెలుసు. అయినా మధ్య అంతస్తు బట్టల అలమర మూలలో టేపుతో కొలిచి, “లెక్క పక్కా ఉన్నది అన్నా, తీగె అక్కర్లే” అన్నాడు. రెండుంబావు అంగుళాల గుండ్రటి రంపపు బిట్టు నేరుగా పెట్టాడు. బిట్టు నేల చెక్కలో దిగింది, కాసేపటికి కీచుమంది, పొగ వాసన వచ్చింది. కింద సరిగ్గా అడ్డదూలం. ఇంటిని మోసే దూలం అది, ఇంకాస్త దిగితే ప్రమాదం. ఆపేశాం. ఆ మధ్యాహ్నమంతా చెక్క ముక్క కోసి ఆ కన్నం పూడ్చడానికే పోయింది. వాడు చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం హ్యాంగర్ సాగదీసి, కొసకు మా మరదలి దగ్గర ఎర్ర దారం అడిగి కట్టి, ఆరంగుళాలు పక్కన సన్న రంధ్రం చేశాడు. నేను బేస్‌మెంట్‌లో టార్చి పట్టుకుని నిలబడ్డాను. దూలాల మధ్య చీకట్లో నుంచి ఎర్ర దారం ఊగుతూ కిందికి దిగింది.

“వచ్చిందిరా!” అని నేను అరిచిన అరుపు వీధిలోకి వినపడి ఉంటుంది.

ఆ క్షణంలో నాకు తట్టింది ఏమిటంటే, మా తమ్ముడిది తెలివి తక్కువ పని కాదు. వాడి లెక్క నిజంగానే బాగుంది. అలమరలో కొలత సరిపోయింది, బేస్‌మెంట్‌లో కొలత సరిపోయింది. రెంటి మధ్యన ఉన్నదే టేపుకు అందలేదు. మన జీవితాల్లోనూ అంతే. ఉద్యోగం మానేసి వ్యాపారం పెడదామనుకునే యువకుడు పెట్టుబడి కొలుస్తాడు, లాభం కొలుస్తాడు. పొద్దున్నుంచి రాత్రి దాకా గల్లా దగ్గర కూర్చునే ఓపిక తనకుందో లేదో కొలవడు. అది కూర్చుని చూస్తే తప్ప తెలియదు. కిరాణం పెట్టాలని ఉంటే ముందు తెలిసినవాళ్ళ కిరాణంలో ఒక నెల ఆదివారాలు కూర్చోండి. డిగ్రీ తర్వాత హైదరాబాద్ వెళ్ళి గ్రూప్స్ కోచింగుకు లక్షలు కట్టబోయే ముందు, ఇంటి దగ్గరే పాత ప్రశ్నపత్రాలతో ఒక నెల కూర్చోండి. మద్యం మానాలనుకునేవారు జన్మంతా అని ఒట్టు వేసే ముందు, స్నేహితులు కూర్చునే ఒక్క శనివారం సాయంత్రం ఎలా గడుస్తుందో చూసుకోండి. తీగ కింద తేలితే అప్పుడు పెద్ద బిట్టు పెట్టండి. దూలం తగిలిందా, సన్న రంధ్రమే కదా, ఆరంగుళాలు పక్కకు జరిగి మళ్ళీ చూడండి. పెద్ద బిట్టుతో మొదలుపెట్టినవాళ్ళు దూలం తగలగానే “నా వల్ల కాదు” అని మొత్తానికే ఆపేస్తారు. నిజానికి ఆరంగుళాల పక్కనే దారి ఉంటుంది.

ఇంకొకటి. అందరూ తేలికైన చోట మొదలుపెడదామంటారు. పైపులు వేసేవాళ్ళు మాత్రం అన్నిటికంటే దూరంగా, అన్నిటికంటే కష్టంగా ఉన్న ఇన్‌లెట్ దగ్గరే మొదలుపెడతారు. మేమూ పై అంతస్తు నుంచే మొదలుపెట్టాం. ఆ ఒక్క దారి కుదిరితే మిగతా రెండూ దానికే వచ్చి కలుస్తాయి. తేలికైన రెండూ ముందు వేసుకుంటే, కష్టమైన దాని దగ్గరికి వచ్చేసరికి పాతవి విప్పుకోవాల్సి వస్తుంది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది బెండ్ల సంగతి. ఈ పైపుల్లో మలుపు తిరిగే చోటల్లా పొడవాటి, మెల్లగా వంగే బెండు వాడతారు. చెత్త ఆగకుండా జారిపోవాలి కదా. ఒక్క చోట మాత్రం కావాలనే ఇరుకైన బెండు పెడతారు. ఇన్‌లెట్ మూత వెనక, మొట్టమొదటి మలుపులో. ఎందుకురా అని అడిగాను. “అన్నా, పెన్సిలో, పిల్లల బొమ్మ ముక్కో లోపలికి పోయిందనుకో. ఇరికితే ఈ మొదటి మలుపులోనే ఇరకాలె. చెయ్యి పెట్టి తీసుకోవచ్చు. ఈ మలుపు దాటిందంటే ఇంక ఎక్కడా ఇరకదు” అన్నాడు. ఎవరు కనిపెట్టారో గానీ చేతులెత్తి మొక్కాలనిపించింది.

నాలో ఆ మొదటి మలుపు లేదు. ఎవరేం అడిగినా “సరే” అనేవాణ్ణి. ఇరకాటమంతా లోపలికి పోయాక, చెయ్యి అందని చోట వచ్చేది. కొన్నేళ్ళ కిందట తెలిసినాయన ఒకరు చిట్టీ ఎత్తుకుంటూ జామీను సంతకం పెట్టమన్నారు. స్కూల్లో ఇంటర్వెల్లో వచ్చి, నిలబడి ఉండగానే కాగితం చేతిలో పెట్టారు. నిలబడే సంతకం పెట్టాను. ఆయన ఆరు నెలలు కట్టి ఆపేశారు. ఆ తర్వాత రెండేళ్ళు ఆ వాయిదాలు నా జీతంలోంచి పోయాయి. అంతకంటే బాధ ఏమిటంటే, ఆ రెండేళ్ళు మా ఇంట్లో ఎవరితోనూ నేను సరిగ్గా మాట్లాడలేదు. ఒక్క నిమిషం ఇరుకుగా ఉండాల్సిన చోట వెడల్పుగా ఉన్నందుకు రెండేళ్ళు ఇల్లంతా ఇరుకైంది.

ఇప్పుడు నా మొదటి మలుపు ఇది: డబ్బుకో, సంతకానికో, నెలల తరబడి సమయానికో సంబంధించిన ఏ మాటకైనా జవాబు రేపు పొద్దున. ఎదుటివారు ఎంత దగ్గరివారైనా సరే. “ఇంట్ల మాట్లాడి రేపు పొద్దుగాల చెప్తా” అంటాను. ఒకరిద్దరు నొచ్చుకున్నారు. నొచ్చుకోనివ్వండి, ఆ నొప్పి చెయ్యి పెట్టి తీయగలిగినంత దగ్గరలోనే ఉంటుంది. ఒకసారి ఒప్పుకున్నాక మాత్రం మెల్లటి బెండులాగే నడుచుకోవాలి, సణుగుడు లేకుండా, మధ్యలో అడ్డం తిరగకుండా. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. ఒప్పుకునేటప్పుడు ధారాళం, చేసేటప్పుడు గీచులాట.

పైపులు అతికించేటప్పుడు కూడా ఒక చిన్న జాగ్రత్త చూశాను. కోసిన ప్రతి ముక్క అంచునూ లోపలి వైపు చాకుతో గీకి నునుపు చేశాడు. సొల్యూషన్ పైపు బయటి వైపే పూశాడు. బెండు లోపల పూస్తే ఎక్కువైన సొల్యూషన్ లోపలికి తోసుకుపోయి గట్టు కడుతుంది. ఆ గట్టుకు ఒక్క వెంట్రుక తగులుకుంటే చాలు, దాని మీద ఇంకోటి, దాని మీద నూలుపోగు, ఏడాదికి పైపు పూడుకుపోతుంది. అన్నదమ్ముల మధ్య, ఆలుమగల మధ్య చెప్పకుండా మింగిన ఒక్క మాట కూడా ఇలాగే గట్టు కడుతుంది. నేను మా తమ్ముడికి వాడి పెళ్ళినాటి ఒక మాటకు క్షమాపణ చెప్పింది ఆ ముక్కలు గీకుతున్నప్పుడే. వాడు తల ఎత్తకుండా “గది ఎప్పుడో మర్చిపోయిన అన్నా” అన్నాడు. మర్చిపోలేదని ఇద్దరికీ తెలుసు. ఆ పూట నుంచి వాడు నాతో మాట్లాడే తీరు మారింది.

రెండో ఆదివారం సాయంత్రం మోటారు బిగించి, మూతలన్నీ మూసి నడిపి, ప్రతి అతుకు దగ్గరా చెవి పెట్టి విన్నాం, ఎక్కడైనా గాలి బుస్సుమంటోందేమో అని. ఎక్కడా లేదు. మా మరదలు గొట్టం తగిలించి పై మెట్టు నుంచి కింది మెట్టుదాకా కార్పెట్టు శుభ్రం చేసింది. వంటింట్లో గట్టు కింద నేలకు ఆనించి పలచటి నోరు ఒకటి పెట్టాం. పొరకతో చెత్త దాని దగ్గరికి ఊడ్చి కాలితో మీట తడితే లాగేసుకుంటుంది. “చేట అక్కర్లేదు బావగారూ!” అని చిన్నపిల్లలా నవ్వింది. నెలకోసారి చేసే పని ఇప్పుడు రెండు రోజులకోసారి చేస్తోంది. ఆమె మునుపటి కంటే కష్టపడే మనిషైపోలేదు. మిషన్ మోసుకెళ్ళే బాధ పోయింది, అంతే. మీకు ఏదైనా అలవాటు కుదరడం లేదంటే, నాలో పట్టుదల లేదని తిట్టుకునే ముందు, ఆ పనికి ఏ బరువు మెట్లెక్కించాల్సి వస్తోందో చూడండి. పుస్తకం బీరువాలో ఉందా, దిండు పక్కన ఉందా? నడకకు వేసుకునే చెప్పులు గడప దగ్గర ఉన్నాయా, మంచం కింద మూలన ఉన్నాయా?

ఇప్పుడు అసలు దుమ్ము సంగతికి వస్తాను. 1901లో లండన్‌లో హ్యూబర్ట్ సెసిల్ బూత్ అనే ఇంజనీరు దుమ్ము దులిపే మిషన్ ప్రదర్శన ఒకటి చూశాడు. అది గాలి ఊదేది. ఊదిన దుమ్ము లేచి మళ్ళీ అక్కడే వాలేది. ఊదే బదులు పీల్చవచ్చు కదా అని అతనికి తోచింది. తర్వాత ఒక రెస్టారెంటులో కూర్చున్నప్పుడు కుర్చీ మెత్త మీద చేతిరుమాలు పరిచి, నోరు పెట్టి గట్టిగా పీల్చి చూశాడు. దగ్గుతో ఉక్కిరిబిక్కిరయ్యాడు గానీ రుమాలు అడుగున నల్లటి మరక తేలింది. గుర్రబ్బండి మీద పెట్రోలు ఇంజను పెట్టి, దాన్ని వీధిలోనే నిలిపి, కిటికీల్లోంచి పొడవాటి గొట్టాలు ఇళ్ళలోకి పంపాడు. 1902లో ఏడవ ఎడ్వర్డ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ అబ్బే తివాచీలు ఆ మిషనే శుభ్రం చేసింది. మోటారు ఇంటి బయట, గొట్టం ఇంటి లోపల. చూడండి, చేతిలో పట్టుకుని తిరిగే చిన్న కరెంటు మిషన్ కంటే ముందు పుట్టింది ఈ ఆలోచనే.

చిన్న మిషన్ పుట్టిన కథ కూడా చెప్పుకోవాలి. అమెరికాలో ఒహాయో రాష్ట్రం క్యాంటన్ ఊళ్ళో జేమ్స్ ముర్రే స్పాంగ్లర్ ఒక పెద్ద దుకాణంలో ఊడ్చే పని చేసేవాడు. ఉబ్బసం మనిషి. ఊడ్చినప్పుడల్లా దగ్గు. ఫ్యాను మోటారుకు సబ్బుల పెట్టె, పొరక కట్టె జోడించి, దుమ్ము పట్టడానికి దిండు గలీబు కట్టి 1907లో ఒక మిషన్ చేసుకున్నాడు. 1908లో పేటెంటు వచ్చింది. అప్పటికి అతనికి అరవైకి దగ్గర. ఆ హక్కులు కొన్న కుటుంబం పేరే తర్వాత ప్రపంచమంతా తెలిసిన హూవర్. ఈ వయసులో ఏం మారతాం అనేవాళ్ళకు నేను చెప్పే మనిషి ఇతనే. ఉన్న సామానుతో ఉన్న చోటే మొదలుపెట్టాడు.

బూత్ చూసిన ఊదే మిషన్ మన ఇళ్ళల్లో ఇంకా ఉంది. నేనే అది. స్కూల్లో పై అధికారి ఒక మాట అంటే ఆ మాట మింగి, బండి స్టాండు వేస్తూనే ఇంట్లో ఊదేవాణ్ణి. నా భార్య మీద వాలిన దుమ్మును ఆమె పిల్లల మీద దులిపేది. పెద్దబ్బాయి చిన్నదాని మీద. రాత్రికి చిన్నది ఏడుస్తుంటే ఎందుకేడుస్తోందో ఇంట్లో ఎవరికీ తెలిసేది కాదు. కోపం గదులు మారింది తప్ప గడప దాటలేదు. ఇప్పుడు బడి నుంచి నేరుగా ఇంటికి రాను. స్టేషన్ ప్లాట్‌ఫారం చివరిదాకా నడిచి, బెంచీ మీద కూర్చుని, ఆ రోజు మనసులో గుచ్చుకున్నది ఒక కాగితం మీద రాసి, చింపి పారేసి వస్తాను. ఇరవై నిమిషాలు. ఏదైనా నిజంగా తేల్చాల్సిన విషయమైతే మర్నాడు ఆ అధికారితోనే, ఆయన గదిలోనే మాట్లాడతాను. పైపు ఎక్కడో ఒక చోట ఇంటి బయటికి తెరుచుకోవాలి. మీకది గుడి అరుగు కావచ్చు, పొలం గట్టు కావచ్చు, పాత దోస్తు కావచ్చు. ఆ దోస్తు మీద కూడా ఊదకండి, చెప్పుకోండి.

తిరిగి వచ్చాక ఊళ్ళో అందరూ అడిగారు, మన ఇళ్ళకూ అది పెట్టించవచ్చా అని. పెట్టవచ్చు గానీ నేను పెట్టించలేదు. మన గోడలు ఇటుకవి, బోలు ఉండదు. పైపు దించాలంటే గోడ చెక్కాలి. స్లాబు తొలిస్తే లోపలి ఇనప చువ్వలు తెగుతాయి, దూలాలూ పిల్లర్లూ అసలే ముట్టకూడదు. వాననీటి పైపులాగా గోడ బయటి నుంచి దించడమో, ఫాల్స్ సీలింగులో దాచడమో తప్ప దారి లేదు. పైగా మనకు కార్పెట్లు లేవు, ఉన్నవి బండలూ టైల్సూ. తడిగుడ్డ పెట్టి తుడిస్తే దుమ్ము గుడ్డకే అంటుకుని బకెట్లోకి, అక్కడి నుంచి మోరీలోకి పోతుంది. అదీ ఇంటి బయటికి పంపడమే. ఇంకొకరి ఇంట్లో కుదిరిన పైపును చూసి మన గోడ చెక్కుకోవడం వ్యక్తిత్వ వికాసం పేరుతో ఎక్కువగా జరిగే పొరపాటు. ఎవరో నాలుగింటికి లేస్తే గొప్పవాడయ్యాడని రాత్రి డ్యూటీ చేసే నర్సు నాలుగింటికి లేవాలా? పద్ధతి నేర్చుకోవాలి, తాడు మాత్రం మన ఇంట్లో పట్టి చూసుకోవాలి.

మా పాత ఇంట్లో నేను తాడు పట్టింది వంటింట్లో. అమ్మ అక్కడే ఉంటుంది, కదలమంటే కదలదు. పోపు వేసినప్పుడల్లా మిరపకాయ ఘాటు ఇల్లంతా కమ్మి, ఆమె దగ్గుతూ బయటికి వచ్చి నిలబడేది. కొత్త ఇల్లు కట్టినప్పుడు చూద్దామని నేనే పన్నెండేళ్ళుగా వాయిదా వేసిన పని ఇది. పొయ్యికి ఎదురు గోడకు ఎగ్జాస్ట్ ఫ్యాను పెట్టించడానికి మేస్త్రీని పిలిచాను. ఆయన సుత్తె, ఉలి తీసుకుని నేరుగా ఇటుక మీద పెట్టబోయాడు.

“ఆగు మేస్త్రీ. ముందు సన్న బిట్టు పెట్టు.”

“ఎందుకు సార్, గంటల పగలగొడత.”

“పెట్టు.”

అమ్మను చెయ్యి పట్టుకుని ఇంటి వెనకకు తీసుకెళ్ళి, గోడకు రెండడుగుల దూరంలో నిలబెట్టి వచ్చాను. డ్రిల్లింగు మిషన్ గుర్రుమంది. ఎర్రటి ఇటుక పొడి మేస్త్రీ చేతి మీద రాలింది. కాసేపటికి బిట్టు ఒక్కసారిగా ఖాళీలోకి దిగింది. మిషన్ ఆపాడు. అవతలి నుంచి అమ్మ గొంతు వినపడింది.

“వచ్చింది బిడ్డా! గీడ కాదు, సజ్జ కిందికి వస్తాంది. పొగంత మల్ల లోపలికే మలుగుతది. జెర పక్కకు జరపమను.”

మేస్త్రీ నా ముఖం చూసి, పెన్సిలు తీసి, జానెడు పక్కన గుర్తు పెట్టాడు.